తెర దించిన తరువాత

భారతీయ చలనచిత్రానికి బీజం వేసినది ఒక క్రైస్తవ చిత్రమంటే చాలామంది ఆశ్చర్యపోతారు. 1910-11 ప్రాంతంలో ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే బొంబాయిలోని ఒక ప్రదర్శనశాలలో ‘ది లైఫ్ ఆఫ్ క్రైస్ట్’ అనే మూగచిత్రాన్ని చూశారు. తెరమీద క్రీస్తు జీవితం సాగిపోతూ ఉండగా ఆయన మనోనేత్రానికి శ్రీకృష్ణుడు, శ్రీరాముడు, గోకులం, అయోధ్య గోచరించాయి. ఆ సంగతి అనంతరం ఆయనే వ్రాసుకున్నారు. భార్య సరస్వతీబాయిని వెంటబెట్టుకొని వెళ్లి ఆ చిత్రాన్ని మళ్లీ చూశారు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వెలువడింది. ఆ చిత్రం ఫాల్కేను తన మతం నుంచి మరల్చలేదు. తన దైవాలను మరింత సన్నిహితంగా చూడాలన్న ఆకాంక్షను ఆయనలో రగిల్చింది. ప్రదర్శనశాల వెలుపలికి వచ్చిన తరువాత ఆయన చేసిన పనిలోనే ఆ చిత్రం ఫలించింది.

క్రైస్తవ ఇతివృత్తం గల చిత్రాలు విశ్వాసానికి, నిత్యజీవితానికి ఏ మేరకు ఉపకరిస్తాయని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ సంగతే చెబుతాను.

అనువాదం నా వృత్తి. ఒక మాటను మరొక భాషలోకి తెచ్చేటప్పుడు మూలంలో తెరచి ఉన్న తలుపులు కొన్ని మూసివేయక తప్పదు. ఇంగ్లీషులో తండ్రినీ కొడుకునీ రాజునీ సేవకునీ ఒకే సర్వనామంతో పిలవవచ్చు. తెలుగులో ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో అనువాదకుడు తేల్చుకోవాలి. క్రీస్తు కథను తెరకెక్కించే దర్శకుడికీ ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. నాలుగు సువార్తలలోనూ యేసు రూపురేఖల వర్ణన లేదు. ఆయన ఎంత పొడవరియో, ఎటువంటి ఛాయ కలవాడో, ఏ స్వరంతో మాట్లాడేవాడో గ్రంథం చెప్పదు. కెమెరా మాత్రం ఏదో ఒక ముఖం చూపవలసిందే.

1959లో ‘బెన్‌హర్’ తీసిన విలియం వైలర్ ఆ ముఖాన్ని చూపనే లేదు. సంకెళ్లతో దాహానికి అలమటించే బెన్‌హర్‌కు నజరేతులో ఒక వ్యక్తి నీళ్లు పోస్తాడు. అడ్డుకోబోయిన రోమన్ సైనికాధికారి ఆ వ్యక్తి ముఖం చూసి, నోట మాట రాక వెనుదిరుగుతాడు. మనకు కనిపించేది ఆ అధికారి ముఖం మాత్రమే. ఇటలీలో పాసోలినీ 1964లో మత్తయి సువార్తను తెరకెక్కించినప్పుడు పేరున్న నటులను కాదని సామాన్యులనే పాత్రధారులుగా ఎంచుకున్నాడు. వయసు మళ్లిన మరియమ్మగా తన కన్నతల్లినే నిలబెట్టాడు. ఆయన మార్క్సిస్టు అన్న విషయం గమనార్హం.

మన ‘కరుణామయుడు’ ఎంచుకున్న మార్గం వేరు. కుటుంబ కథాచిత్రాలకు పేరుగాంచిన ఎ. భీంసింగ్ దానికి దర్శకులు. 1978 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆ సంవత్సరం చివర చిత్రం విడుదలైంది. క్రీస్తుగా విజయచందర్ నటించారు. ఆ క్రీస్తు తెలుగులో పలకరించాడు, తెలుగులో ఓదార్చాడు. మోదుకూరి జాన్సన్ రచించిన సిలువయాత్ర గీతాన్ని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆలపించారు, నేటికీ గుడ్‌ఫ్రైడే నాడు ఆ పాట వినిపించని తెలుగు ఊరు అరుదు. ‘దయాసాగర్’ పేరుతో హిందీలోకి, ఇంకా అనేక భాషలలోకి వెళ్లిన ఆ చిత్రాన్ని సంచార బృందాలు ప్రొజెక్టర్లతో పల్లెపల్లెకూ మోసుకువెళ్లాయి.

గుంటూరు జిల్లాలోని మా ఊరికి అది 1980ల చివర వచ్చింది. సినిమాహాలు గడప తొక్కడమే పాపమని బోధించిన పెద్దలే ఆ సాయంకాలం గుడి ముందు రెండు వెదురు గడలు పాతించి తెల్లని గుడ్డ కట్టించారు. చాపలు, గోనె పట్టాలు తెచ్చుకొని ఊరంతా కూర్చుంది. మా పేటవారే కాదు, పై బజారు నుంచి కూడా జనం వచ్చారు. మేకులు దిగగొట్టే దృశ్యంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏనాడూ గుడికి రాని ఒక ముసలమ్మ తెరకేసి చేతులు జోడించింది. చదువురాని మా అమ్మకు సువార్త కథ మొదటి నుంచి చివరి వరకు ఒక్క వరుసలో అర్థమైనది ఆ రాత్రేనని ఆమె తరచు చెబుతూ ఉండేది.

తరువాత నేను ఆంగ్ల సాహిత్యం చదువుకున్నాను. ప్రేక్షకుణ్ణి ఏడిపించడం తేలికనీ, ఆ ఏడుపుకు తగిన విలువ కల్పించడమే కష్టమనీ మాకు నేర్పారు. ఆ దృష్టితో చూస్తే భక్తి చిత్రాలలో లోపాలు కొల్లలు. సంగీతం మనకంటే ముందే విలపిస్తుంది. చెడ్డవాడు నడకలోనే తెలిసిపోతాడు. 2004లో వచ్చిన ‘ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ చూసినప్పుడు, అంతటి రక్తపాతాన్ని చూసి చలించిన హృదయం మరునాడు ఏమి చేస్తుందన్న ప్రశ్న నన్ను వేధించింది. కన్నీరు భక్తికి ఆరంభం కావచ్చు, ఆసరా కావచ్చు. అదే భక్తి అనుకుంటే మాత్రం ప్రమాదమే.

ఈ ప్రశ్నకు నేను చదివిన పుస్తకాలలో జవాబు దొరకలేదు. మా ఇంటిలో దొరికింది.

మా తాతగారు అమ్మకు పసుపు కుంకుమల కింద కాలువగట్టున అర ఎకరం మాగాణి ఇస్తానని నోటిమాటగా చెప్పారు. ఆయన పోయాక మా మేనమామ ఆ పొలాన్ని తన పేర వ్రాయించుకున్నాడు. పన్నెండేళ్లు అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా మొగం తిప్పుకొనేవారు. 2016 వేసవిలో అమ్మ మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టింది. రోజూ కాసేపు బైబిలు చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు, “మాట వెంట మాట జారిపోతోంది నాన్నా. ఆ సినిమా ఉంటే పెట్టు,” అన్నది. నా సెల్‌ఫోనులో ‘కరుణామయుడు’ పెట్టాను. అరచేతంత తెర. రెండు రాత్రులు కొద్దికొద్దిగా చూసింది. సిలువ మీద నుంచి క్రీస్తు తన హంతకులను క్షమించమని తండ్రిని వేడుకొనే ఘట్టం రాగానే, “ఆపు,” అన్నది. చాలాసేపు కళ్లు మూసుకొని ఉండిపోయింది.

“ఊపిరాడకుండా ఉండి ఆయన ఆ మాటన్నాడు. నాకు ఊపిరాడుతోందిగా! మీ మామయ్యకు కబురు చెయ్యి,” అన్నది.

నాకు ఇష్టం లేకపోయినా కబురు చేశాను. మూడోనాడు ఆయన వచ్చి మంచం కాళ్ల దగ్గర తల వంచుకొని కూర్చున్నాడు. అమ్మ పొలం ఊసెత్తలేదు. “అన్నం తిన్నావా తమ్ముడూ?” అని మాత్రం అడిగింది. ఆయన భుజం మీది కండువాతో మొగం కప్పుకున్నాడు. మరి పందొమ్మిది రోజులకు అమ్మ పోయింది. పొలం ఈనాటికీ ఆయన పేరనే ఉంది. నా మనసులోని కినుక కూడా పూర్తిగా చల్లారలేదు. కానీ అమ్మ ఏ బరువూ లేకుండా వెళ్లింది. అది నేను కళ్లారా చూశాను.

ఇదంతా ఒక సినిమా మహిమ అని నేను అనను. నలభై ఏళ్ల ప్రార్థన, పాట, ప్రసంగం ఆమెలో ఇంకి ఉన్నాయి. అయితే అక్షరం అందని వేళ, జ్ఞాపకం సన్నగిల్లిన వేళ, తానెరిగిన మాటకు ఒక ముఖాన్నీ గొంతునూ అందించినది ఆ చిత్రమే. మంచి అనువాదం చేసే పనీ అదే.

క్రీస్తు తెరపై కనిపించని చిత్రాలు కూడా ఈ పని చేయగలవు. 1987లో డెన్మార్కులో తయారైన ‘బాబెట్స్ ఫీస్ట్’ అటువంటిది. సముద్రతీరంలోని ఒక చిన్న పల్లె. అక్కడి భక్త సమాజంలో అందరూ వృద్ధులే; పాత తగవులతో ఒకరినొకరు సాధించుకుంటూ ఉంటారు. పారిస్ నుంచి ప్రాణభీతితో వచ్చి వారి మధ్య వంటమనిషిగా బ్రతుకుతున్న బాబెట్‌కు లాటరీలో 10,000 ఫ్రాంకులు వస్తాయి. ఆ సొమ్మంతా వెచ్చించి ఆమె వారికి ఒకే ఒక్క విందు చేస్తుంది. ఆ బల్ల దగ్గర ఏళ్లనాటి కక్షలు ఒక్కొక్కటిగా కరిగిపోతాయి. కృప అనే పదాన్ని ఎన్నోసార్లు అనువదించిన నాకు, దానికి అంతకంటే చక్కని వ్యాఖ్యానం కనబడలేదు.

1966 నాటి ‘ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్’ మరొక కోణం చూపుతుంది. తన అంతరాత్మ అంగీకరించని ప్రమాణం చేయలేక 1535లో శిరచ్ఛేదానికి గురైన సర్ థామస్ మోర్ కథ అది. ప్రమాణం చేసి ఇంటికి రమ్మని చెరసాలలో కన్నకూతురే బతిమాలే ఘట్టం చూస్తే, విశ్వాసానికి పరీక్ష శత్రువుల చేతనే కాదు, ఆప్తుల కన్నీటి చేత కూడా జరుగుతుందని తెలుస్తుంది. ఉద్యోగంలో ఒక తప్పుడు కాగితంపై సంతకం చేయమని ఒత్తిడి ఎదురైన ఏ గృహస్థుకైనా ఆ చిత్రం పరాయిది కాదు.

ఏ అనువాదాన్నయినా మూలంతో సరిచూసుకోవడం మంచిది. చిత్రాల విషయంలో మరీ అవసరం. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’లో ఎరిక్ లిడెల్‌కు తన పందెం ఆదివారం పడిందన్న వార్త ఓడ ఎక్కే వేళ తెలిసినట్లు చూపారు. నిజానికి ఆయనకు కొన్ని నెలల ముందే తెలుసు. తన నిర్ణయంపై నిలిచి, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు విడిచి 400 మీటర్ల పరుగులో స్వర్ణపతకం గెలిచారు. ఇది చిన్న మార్పే. కానీ క్రీస్తు మరణానికి యూదు జాతి మొత్తాన్ని దోషిగా నిలబెట్టే చిత్రణ చిన్న పొరపాటు కాదు. ఆ నింద సరికాదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే స్పష్టం చేసింది. పిల్లలతో ఇటువంటి చిత్రాలు చూసే తల్లిదండ్రులు ఈ మాట వారికి చెప్పడం అవసరం.

లూకా సువార్త ఆధారంగా 1979లో తీసిన ‘జీసస్’ చిత్రం రెండు వేలకు పైగా భాషలలోకి అనువాదమైంది. నా వృత్తివారికి అది గర్వకారణమే. కానీ ఎన్ని భాషలలోకి మారినా, ఏ చిత్రానికైనా చిట్టచివరి అనువాదం ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని చేయవలసినది ప్రేక్షకుడే. మాట్లాడడం మానేసిన తోబుట్టువు వద్ద, జీతం పెంచమని అడగడానికి జంకే పనిమనిషి వద్ద, విసుగు పుట్టించే రోగి పడక వద్ద ఆ పని జరగాలి. అందుచేత ఇటువంటి చిత్రం చూసిన రాత్రి వెంటనే మరొకటి చూడవద్దు. దీపం ఆర్పి కాసేపు ఊరక కూర్చోండి. చూసినదంతా మరచినా ఫరవాలేదు. ఎవరి ముఖం గుర్తుకు వచ్చిందో మాత్రం గమనించండి. మరునాడు మీరు వెళ్లవలసింది వారి ఇంటికే.