పది అడుగుల ఎర, ఏడడుగుల చెరువు

టెక్సాస్‌లో పొలాల్లో ఉండే చెరువుని ‘ట్యాంక్’ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు మన హైదరాబాద్ ట్యాంక్‌బండ్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. డెంటన్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి పది నిమిషాలు నడిస్తే అలాంటిదే ఒకటుంది. ఇప్పుడది పార్కు మధ్యలో చిన్న చెరువు. ఒక పక్క మట్టికట్ట, ఏప్రిల్ కాబట్టి గడ్డి నిండా నీలంగా బ్లూబోనెట్ పూలు, మొద్దు మీద వరసగా ఎండ కాచుకునే తాబేళ్లు. చుట్టూ ఒక రౌండ్ కొట్టడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ లెక్క నాకెలా తెలుసంటారా? ఆ నెలంతా నాకు అదే పని.

డిసెంబర్‌లో ఎమ్మెస్ అయిపోయింది. ఫిబ్రవరి రెండో వారంలో ఓపీటీ మొదలైంది. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదని రూల్. నాది 61వ రోజు. ఇంట్లో మాత్రం జాబ్ వచ్చేసిందని చెప్పేశా. పొద్దున్నే అప్లికేషన్లు పెట్టేసి, రూమ్‌లో కూర్చోలేక, చవకగా కొన్న రాడ్ పట్టుకుని చెరువుకి వెళ్లిపోయేవాణ్ని.

ఇక్కడ అందరూ వెంటపడే చేప లార్జ్‌మౌత్ బాస్. ఆఫీసులో బాస్ దొరకలేదు, కనీసం చెరువులోనైనా దొరుకుతుందేమో అని నా ఆశ. కానీ ఎర వేసిన ప్రతిసారీ చేపకి బదులు కట్టలు కట్టలుగా నాచు వచ్చేది. ఒకరోజు ఆ నాచుని చేతిలోకి తీసుకుని చూస్తే ఎక్కడో చూసినట్టే ఉంది. హైడ్రిల్లా! స్కూల్లో బీకరులో పెట్టి, పైన గరాటు బోర్లించి, ఆక్సిజన్ బుడగలు చూపించారే, అదే మొక్క. మన చెరువుల్లో ఉండేది ఇక్కడికెలా వచ్చిందని వెతికా. 1950ల్లో అక్వేరియం మొక్కగా ఫ్లోరిడాలో దిగిందట. ముక్క విరిగి పడినా కొత్త మొక్కవుతుంది, మట్టిలో దుంపలు దాచుకుంటుంది. టెక్సాస్‌లో దీన్ని దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. వీసా గొడవ లేకుండా సెటిలైపోయింది కదా అని దాని మీద కాస్త కుళ్లుకున్నా.

ఆ మంగళవారం కట్ట మీద రోజూ కనిపించే ఒక పెద్దాయన నా అవస్థ చూసి దగ్గరికొచ్చారు. డబ్బాలోంచి ఒక ఎర తీసి ఇచ్చారు. బొద్దుగా బొటనవేలంత బొమ్మచేప, పొట్ట కింద ఒకటి, తోకకి ఒకటి మూడేసి ముళ్ల గాలాలు, మూతికి గరిటెలా వెడల్పాటి ప్లాస్టిక్ నాలుక. దీన్ని క్రాంక్‌బైట్ అంటారు. రీలు పిడి తిప్పుతుంటే ఆ నాలుక నీళ్లని తోసుకుంటూ బొమ్మని కిందికి లాక్కెళ్తుంది. ఆపితే బొమ్మ పైకి తేలుతుంది. నాలుక ఎంత పెద్దదైతే అంత లోతుకి పోతుంది. ఇది పది అడుగులు దిగే రకం.

“సర్, ఈ చెరువే ఏడడుగులుంటుందేమో. పైగా అంతా నాచు. ఇది పోయి ఇరుక్కుంటుంది కదా?” అన్నా.

ఆయన నవ్వి మూడు విషయాలు చెప్పారు. ఒకటి, పది అడుగులు దిగాలంటే చాలా దూరం విసరాలి. చిన్న చెరువులో అంత దూరమే ఉండదు, కాబట్టి అది పూర్తి లోతుకి పోదు. లైను లావుగా ఉండి, రాడ్ కొన పైకెత్తి పట్టుకుంటే ఇంకా పైనే ఈదుతుంది. రెండు, కొమ్మకో రాయికో ముందు తగిలేది ఆ వెడల్పాటి నాలుకే. బొమ్మ పక్కకి తప్పుకుని పోతుంది, గాలాలు వెనకే ఉంటాయి. అలా గుద్దుకుని పక్కకి తిరిగినప్పుడే బాస్ ఎక్కువగా కొడుతుందట. మూడోది అసలైంది. “నాచు తగిలినట్టు అనిపించగానే తిప్పడం ఆపెయ్, యంగ్ మ్యాన్. నువ్వు లాగేకొద్దీ అది లోపలికే పోతుంది. వదిలేస్తే దానంతటదే పైకి వస్తుంది.”

నేను ఇన్నాళ్లూ చేసింది దానికి సరిగ్గా ఉల్టా. తగలగానే కంగారుపడి ఇంకా గట్టిగా లాగేవాణ్ని.

ఇంకో సంగతి కూడా చూపించారు. నాచు నడి మధ్యలోకి విసరకూడదు. కట్ట దగ్గర లోతెక్కువ కాబట్టి అక్కడ నాచు ఇంకా పైదాకా పెరగలేదు. కట్ట చివర నిలబడి, నాచు అంచు వెంబడే, కట్టకి సమాంతరంగా విసరాలి. అప్పుడు ఎర దారంతా అంచుని రాసుకుంటూ వస్తుంది.

మొదటి పదిసార్లు నాచే వచ్చింది. తర్వాత చేతికి తేడా తెలియడం మొదలైంది. మెత్తగా బరువెక్కితే నాచు. టక్కుమంటే కొమ్మ. పదకొండింటప్పుడు మెత్తగా తగిలింది. ఆపా. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టా. ఎర తేలుతోంది. మళ్లీ తిప్పబోయేసరికి రాడ్ వంగిపోయింది. చేప నీళ్లపైకి ఎగిరి తల విదిలించింది. నా కాళ్లు వణికాయి. ఒడ్డుకి తెచ్చాక కొలిస్తే 16 అంగుళాలు.

ఫొటో తీసి నీళ్లలో వదిలేశా. ఆ ఊపులో ఫొటో నాన్నకి పంపేశా. ఖమ్మం దగ్గర మా ఊరి చెరువులో ఎర్రలు గుచ్చి కొర్రమట్టల్ని పట్టే మనిషి ఆయన. నిమిషంలో ఫోన్.

“ఎంత తూగింది రా?”

“తూయలేదు నాన్నా, వదిలేశా.”

“వదిలేసినవా! పిచ్చోడా.” కాసేపు నవ్వి ఆగారు. “అక్కడ ఇప్పుడు పొద్దున పదకొండు గదరా. మంగళవారం. ఆఫీసు లేదా?”

ఏం చెప్పాలో తోచలేదు. రాడ్ గడ్డిలో పెట్టి కూర్చుని అంతా చెప్పేశా. జాబ్ రాలేదని, 61 రోజులయ్యాయని, ఇంకా 29 ఉన్నాయని. తిడతారనుకున్నా.

“పైసలున్నయా? తింటున్నవా?” అన్నారు.

“తింటున్నా.”

“అమ్మకు నేను చెప్త గానీ, రేపు పొద్దున నువ్వే ఫోన్ చెయ్. ఇన్ని రోజులు ఒక్కనివే మోస్తివా?”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కట్ట మీదే కూర్చున్నా. పెద్దాయన ఎర తిరిగిస్తే తీసుకోలేదు, ఉంచుకోమన్నారు.

ఇక్కడ చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ దగ్గర్లోనూ ఇలాంటి చెరువు ఉండే ఉంటుంది. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండితే సిటీ పార్కు చెరువుల్లో పట్టడానికి సాధారణంగా ఫిషింగ్ లైసెన్స్ కావాలి. బాస్ అయితే చాలాచోట్ల 14 అంగుళాల కంటే చిన్నది ఇంటికి తీసుకెళ్లకూడదు, రోజుకి ఐదు మించకూడదు. చెరువు దగ్గర పెట్టిన బోర్డు చదవండి. వెళ్లేముందు గాలాలకి చుట్టుకున్న నాచు ముక్కలన్నీ తీసి చెత్తబుట్టలో వెయ్యండి, ఇంకో చెరువుకి అంటించకండి.

ఇంటికి బయల్దేరేముందు నేనూ అదే చేశా. తాళాల గుత్తికి అంటుకున్న హైడ్రిల్లా ముక్క ఒకటి రాత్రి రూమ్‌లో బయటపడింది. అదీ చెత్తబుట్టలో వేసి, ల్యాప్‌టాప్ తెరిచి 62వ రోజు అప్లికేషన్ల లిస్టు రాసుకున్నా.