ముల్లు చూడకు, చప్పుడు విను

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

సుధా,

సంక్రాంతికి వస్తున్నావని, వచ్చాక మీ నాన్నగారి మారుతీ 800 నువ్వే నడుపుతావని రాశావు. చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. డాలస్‌లో పన్నెండేళ్లు ఆటోమేటిక్ నడిపినదానివి, మొదటి సందులోనే గేరు కోసం కుడిచెయ్యి చాచి అద్దం దించే పిడి పట్టుకుంటావు చూడు.

గేరు ఎప్పుడు మార్చాలో చెప్పమన్నావు. నాకు నేర్పిన మాస్టారు లెక్కలే చెప్పారు: ఫస్ట్ బండి కదలడానికే, 15 దాటగానే సెకండ్, 30 దగ్గర థర్డ్, 45 దాటాక ఫోర్త్. ఆ బండికి ఉన్నవీ నాలుగే. లెక్కలో తప్పేం లేదు. కానీ స్పీడు ముల్లునే చూస్తూ పోయి గాంధీ రోడ్డులో ఒక ఆవును గుద్దినంత పని చేశాను. అది కదల్లేదు, నేనే చెమటలు పట్టి ఆగాను. అప్పట్నుంచి ముల్లు మానేసి చప్పుడు వింటున్నాను.

థర్డ్‌లో పోవాల్సినచోట ఫోర్త్ వేశావనుకో, ఎంత తొక్కినా బండి లాగదు. లోపల గుడగుడమంటుంది, గేరు రాడ్డు అరచేతిలో వణుకుతుంది. ఇంకా తొక్కకు, గేరు దించు. సెకండ్‌లోనే ఉండి తరిమావనుకో, కుట్టుమిషను పరిగెత్తించినట్టు గీపెడుతుంది. అప్పుడు పై గేరు. ఈ రెండింటికీ మధ్య మెత్తటి చప్పుడొకటి ఉంటుంది, నాలుగు రోజుల్లో నీకే పట్టుబడుతుంది. నా కారులో ఆర్పీఎం ముల్లు ఉంది కదా అని ఓసారి సరిచూశాను: చెవి సరేనన్నప్పుడల్లా అది 2000కీ 2500కీ మధ్యే ఉంది. మా తమ్ముడి డీజిల్ బండికైతే 2000 లోపలే మార్చేయొచ్చు.

ఊళ్లో నీకు ఎక్కువ పని సెకండ్‌తోనే. స్పీడ్ బ్రేకరు, మలుపు, ఆటోల వెనక నడక, అన్నింటికీ అదే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేయ్. కాలు ఊరికే ఆనించి ఉంచితే క్లచ్ ప్లేటు అరిగిపోతుంది. అసలు నీ ఎడమకాలికి ఇన్నేళ్లూ పనే లేదాయె. ఆపేటప్పుడు క్లచ్ మర్చిపోతావు, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆఫ్ అవుతుంది. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టుకోనీ.

కొండకు పోదామన్నావు కాబట్టి ఇదొక్కటి శ్రద్ధగా చదువు. ఎక్కేటప్పుడు మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే గేరు దించు. ఇక దిగడం. కొత్తలో నేను పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగాను. సగం దిగేసరికి మాడిన వాసన, బ్రేకు ఎంత తొక్కినా పట్టీ పట్టనట్టు ఉంది. దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని దేవస్థానం నియమం, నాకు గంటన్నర పట్టింది. చక్రాలు చల్లారేదాకా పక్కన ఆపి కూర్చున్నాను మరి. తర్వాత మెకానిక్ చెబితే ఇంకా సిగ్గేసింది. ఈ ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి కాలు వదిలేస్తే పెట్రోలు తీసుకోవడమే ఆపేస్తాయట, అప్పుడు చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఆరిపోకుండా ఉండడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. నాకు మిగిలింది ఏమీ లేదు, బ్రేక్ ప్యాడ్ల ఖర్చు తప్ప. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మధ్యమధ్య తాకిస్తే చాలు.

మొదటి రోజు తెల్లవారుజామునే బయల్దేరదాం, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ముందు సీటు తనదేనని మీ నాన్నగారు అప్పుడే చెప్పేశారు, నేను వెనక కూర్చుంటాను. పోయినవారం బ్యాటరీ పోకుండా నేను బండి తిప్పుకొస్తుంటే ఆయనా వచ్చారు. గేరు గురించి ఒక్క మాటా అనరు. తప్పు పడినప్పుడు మాత్రం డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి రెండుసార్లు తడతారు, బండికి సర్దిచెబుతున్నట్టు.

నీ
రమ