చిలుకలోని ప్రాణము

కథ యన్నచో చెవి కోసికొననివారు అరుదు. అందులోను అద్భుత కథ యన్నచో బాలబాలికలకు ఆకలిదప్పులు తోచవు. మాంత్రికుడు మంత్రదండమును త్రిప్పగనే రాజకుమారి రాతిబొమ్మ యగును. సామాన్యుడైన పడుచువాడొకడు కత్తి చేతబట్టి కీకారణ్యమున బడి పోవును. అతనికి దారిలో మాటలాడు పక్షులును, ఒంటికంటి రాకాసులును, పాతాళమునకు దిగు బిలములును ఎదురగును. పుట త్రిప్పిన కొలది గుండె దడదడ కొట్టుకొనును గాని పుస్తకమును మూయుటకు మనసు రాదు.

అది చూచి కొందరు పెద్దలు, "ఈ కట్టుకథలు కూడు పెట్టునా, గుడ్డ పెట్టునా?" అని గద్దించుచుందురు. ఆ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. ముప్పదియైదు సంవత్సరములు పిల్లల నడుమ మెలగిన నాకు, అద్భుత కథలు చదువువారు రెండు తెగలుగా కనబడిరి. కొందరు కథలోనికి పోయి మరల రారు. ఎదుటనున్న లెక్క కఠినమైనచో పుస్తకము చాటున దాగుకొందురు. మరికొందరు కథలోనికి పోయి, అక్కడనుండి ఏదో యొకటి చేతబట్టుకొని వత్తురు. అట్లు తెచ్చుకొనదగినది ఏదియో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన తెలుగునాట అద్భుత కథలకు పెట్టినది పేరు కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితకవి వీనిని పన్నెండు భాగములుగా రచించెను. మణిసిద్ధుడను యతి కాలినడకను కాశికి పోదలచి తోడు వెదకును. అంత దూరము నడచుటకు ఎవ్వరును ముందుకు రారు. తుదకు పశువులు కాచుకొను బాలుడొకడు ఒక నియమము మీద అంగీకరించును: దారిలో తాను చూచి అడిగిన వింతలకెల్ల యతి కథలు చెప్పవలెను. ఇట్లు మజిలీ మజిలీకి ఒక కథగా ఆ యాత్ర సాగును. ఇందులో ఒక చిన్న విశేషమును గమనింపుడు. కథల మీది ఆశయే ఆ బాలుని కాశీ దారి పట్టించినది. కథ అతనిని చెట్టు నీడను కూర్చుండబెట్టలేదు, లేపి నడిపించినది.

తరువాతి కాలమున ఈ కథారసమును ఇంటింటికి పంచినది చందమామ మాసపత్రిక. 1947 జులైలో అది మదరాసు నుండి వెలువడ నారంభించెను. దాసరి సుబ్రహ్మణ్యముగారు అందులో 1954లో 'తోకచుక్క' అను ధారావాహికను మొదలిడి, పిదప అనేక అద్భుత నవలలను నడిపిరి. నెల తిరిగి పత్రిక వచ్చు దినమున అన్నదమ్ముల నడుమ, అక్కచెల్లెండ్ర నడుమ ముందుగా ఎవరు చదువవలెనని తగవు లాడని యిల్లు మా వీధిలో లేకుండెను. నేడు ఆ పత్రిక వెలువడుట లేదు. అయినను దానిని చదివి పెరిగినవారు ఇంకను మన నడుమ పెక్కుమంది కలరు. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడుడు. వారి కన్నులు మిలమిలలాడును.

ఈ కథలలో మాటిమాటికి వచ్చు ఒక చిత్రమైన సంగతి కలదు. బాలనాగమ్మ కథను మీరు వినియుందురు. బుఱ్ఱకథగను, నాటకముగను, 1942లో చలనచిత్రముగను అది జనులను అలరించినది. అందలి మాయల ఫకీరు మహాబలుడు. వానిని కత్తి కోయదు, సేనలు గెలువవు. ఎదిరించినవారు రాళ్ళగుదురు. కాని వాని ప్రాణము వాని దేహమున లేదు. ఏడు సముద్రముల కావల ఒక చిలుకలో నున్నది. బాలనాగమ్మ కుమారుడు బాలవర్ధిరాజు ఆ రహస్యము నెరిగి, పోయి, చిలుకను చేజిక్కించుకొనును. అంతటితో కొండంత ఫకీరు కుప్పగూలును.

చిన్నతనమున ఇది వింతగా మాత్రమే తోచును. వయసు మీరిన కొలది ఇందులో గొప్ప లోకజ్ఞానము కనబడును. మనలను భయపెట్టు ప్రతి పనికిని ఎక్కడనో ఒక చిలుక కలదు. ఆ పని యొక్క బలమంతయు ఆ చిన్నచోట దాగియుండును. భయము నెదుట నిలిచి దాని ఆకారమును చూచి వణకుచున్నంత కాలము అది గెలుచును. దాని ప్రాణమెక్కడనో వెదకబోయిన నాటినుండి మనము గెలువ నారంభింతుము. అద్భుత నవల నుండి తెచ్చుకొనదగినది ఇదియే యని నా యభిప్రాయము.

దీనిని నాకు నేర్పినది మా మనుమరాలు. ఆ పిల్లకు పదేండ్లు. వేసవి సెలవులలో మా యింటికి వచ్చినప్పుడు ప్రతి రాత్రియు కథ చెప్పనిదే నిద్రపోదు. ఒకనాడు బాలనాగమ్మ కథ చెప్పి ముగించితిని. అది కొంతసేపు ఊరకుండి, "తాతయ్యా, మీకు నీళ్ళన్న భయము గదా! ఆ భయము ప్రాణము ఏ చిలుకలో నున్నది?" అని అడిగెను.

నాకు నవ్వు వచ్చినది. కాని ఆ రాత్రి చాలసేపు నిద్ర రాలేదు. మాది మెట్ట గ్రామము. చెరువు ఏటికి నాలుగు నెలలు మాత్రమే నిండియుండును. ఊరి దిగుడుబావి మిక్కిలి లోతైనది. అందులో ఒక బాలుడు పడి మరణించిన పిదప మా అమ్మ నన్ను దాని దరిదాపులకు పోనిచ్చెడిది కాదు. తోటిపిల్లలు ఎండు సొరకాయ బుఱ్ఱలను నడుమునకు కట్టుకొని ఈత నేర్చుచుండగా నేను గట్టున నిలిచి వారి బట్టలకు కాపలా కాచెడివాడను. అట్లు అరువది యేండ్లు గడచినవి. గోదావరి స్నానమునకు పోయినను మోకాలి లోతు దాటి దిగి యెరుగను.

మరుసటి వారమున మా పట్టణమందలి ఈతకొలనులో చేరితిని. నేర్పువాడు ఇరువదియైదేండ్ల యువకుడు. నాతోపాటు నేర్చుకొనువారందరును పదేండ్లు, పండ్రెండేండ్ల పిల్లలు. తెల్లవెంట్రుకల మీద రబ్బరు టోపీ పెట్టుకొని నేను మెట్లు దిగుచుండగా వారు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొని నవ్విరి. నాకును నవ్వు వచ్చినది. తరగతిలో అందరికన్న వెనుక నుండు విద్యార్థి మనస్సు ఎట్లుండునో ఆ దినములలో నాకు బాగుగా తెలిసివచ్చినది. వానికి కావలసినది మందలింపు కాదు, కొంత వ్యవధి.

మొదటి నాలుగు దినములు ఆ యువకుడు నాచేత ఈత కొట్టింపనేలేదు. ఛాతీలోతు నీటిలో కమ్మిని పట్టుకొని నిలిచి, ముఖమును నీటిలో నుంచి, మెల్లగా ఊపిరి విడువుమనెను. బుడగలు వచ్చుటయే నా పాఠము. అయిదవ దినమున అతడు, "మాస్టారూ, మీరు మునిగిపోవుదునను భయమున తల పైకెత్తుచున్నారు. తల పైకి లేచిన కొలది కాళ్ళు క్రిందికి దిగును. దిండు మీద పెట్టినట్లు తలను నీటి మీద వదలి, నిండుగా ఊపిరి పీల్చుడు. నీరే మిమ్ము మోయును" అనెను.

ఊపిరితిత్తులలో గాలి నిండుగా నున్నప్పుడు చాలమంది శరీరము నీటికన్న కొంచెము తేలికగా నుండును. ఈ శాస్త్రవిషయము నేను చిన్ననాడే చదివినదే. కాని చదివినది ఒంటికి తెలియుటకు పండ్రెండు దినములు పట్టినది. పండ్రెండవ నాటి ఉదయమున చెవులు నీట మునిగియుండగా, ఆకాశమును చూచుచు, పది ఊపిరుల కాలము నీటిపై తేలితిని. చిలుక దొరకినది. నీటి భయము ప్రాణము లోతులో లేదు. నా బిగుసుకొనిన మెడలో నున్నది. ఇప్పుడు కొలనును అడ్డముగా దాటగలను. పొడవున దాటుట ఇంకను చేతకాలేదు. ఆ సంగతి మా మనుమరాలికి జాబు వ్రాసితిని.

ఈ చిలుకను వెదకుటలో జీవితమంతయు గడపి లోకమునకు మేలు చేసిన మహనీయుడొకడు కలడు. అతడు అమెరికా దేశస్థుడగు రాబర్ట్ గొడ్డార్డు. అంగారకవాసులు భూమిపై దండెత్తి వచ్చినట్లు హెచ్. జి. వెల్స్ కల్పించిన నవలను అతడు పదునారేండ్ల వయసున చదివెను. 1899 అక్టోబరు 19వ తేదీన, ఎండుకొమ్మలు నరకుటకు పెరటిలోని చెఱ్ఱీ చెట్టెక్కి, అంగారక గ్రహమునకు పోగల యంత్రమును చేయగలిగినచో ఎంత బాగుండునని తలపోసెను. ఆ దినమును అతడు జీవితాంతము పండుగవలె తలచుకొనుచుండెను.

అయితే అతడు తలపోయుటతో ఆగిపోలేదు. అంతరిక్షమున గాలి లేదు. గాలిని వెనుకకు నెట్టనిదే రాకెట్టు ముందుకు పోజాలదని ఆనాడు పలువురు తలచిరి. అతడు గాలి తీసివేసిన గొట్టములో ప్రయోగములు చేసి, లోపలినుండి వెలువడు వాయువుల వేగమే రాకెట్టును ముందుకు నెట్టునని నిరూపించెను. అతనికి దొరకిన చిలుక అదియే. అయినను 1920లో ఒక ప్రసిద్ధ దినపత్రిక, పాఠశాల పిల్లలకు తెలిసినపాటి శాస్త్రము ఇతనికి తెలియదని ఎగతాళి చేసెను. అతడు పని మానలేదు. 1926 మార్చి 16వ తేదీన, ఆబర్న్ అను ఊర ఒక పొలములో, ద్రవ ఇంధనముతో నడచు తొలి రాకెట్టును ఎగురవేసెను. అది సుమారు 41 అడుగుల ఎత్తు మాత్రమే లేచి, రెండున్నర సెకండ్లలో నేలబడినది. మన కొబ్బరిచెట్టంత ఎత్తైనను సరిగా పోలేదు. కాని దాని వెనుకనే చంద్రమండల యాత్రకు దారి తెరచుకొన్నది. గొడ్డార్డు 1945లో మరణించెను. 1969 జులైలో మానవులు చంద్రుని వైపు బయలుదేరిన మరునాడు ఆ పత్రిక తన పాత వ్రాతను సవరించుకొనినది.

ఇట్లు చెప్పినంత మాత్రమున కథలోని వీరునివలె కన్నులు మూసికొని దుముకుడని నా భావము కాదు. కథలను శ్రద్ధగా చదువుడు. వీరుడు ఎన్నడును ఊరక దుముకడు. ముందు పేదరాశి పెద్దమ్మ యింట బసచేసి ఆ పట్టణపు గుట్టు తెలిసికొనును. దారిలో ఆపదనున్న చీమకో చేపకో సాయపడి, దాని స్నేహమును సంపాదించును. కావున ఈత నేర్వదలచినవారు ఒంటరిగా బావిలో దిగరాదు. నేర్పువాని యొద్దకు పోవలెను. తెలిసినవారి నడుగుట పిరికితనము కాదు. అదియే సాహసమునకు మొదటి మెట్టు.

సాహసమునకు సముద్రములును, గ్రహములును అక్కరలేదు. ఉదయ ప్రార్థనా సమావేశమున అందరి యెదుట నిలిచి వార్తలు చదువుట, ఎన్నడును మాటలాడని తోటి విద్యార్థితో మాట కలుపుట, అమ్మ దగ్గర కూర్చుండి పప్పునకు తాలింపు పెట్టుట నేర్చుకొనుట, పొరుగువారి కన్నడమో తమిళమో పది మాటలు పలుకుట, పెరటిలో ఇంతవరకు వేయని విత్తనమును వేసి చూచుట, ఇవియు సాహసములే. సభలో మాటలాడ భయపడువానికి ఆ భయపు చిలుక మొదటి వాక్యములో నుండును. ఆ యొక్క వాక్యమును గట్టిగా నేర్చుకొని పోయినచో తక్కినవి వెంట వచ్చును. లెక్కకు భయపడువానికి అది ఎన్నడో వదలివేసిన ఒక చిన్న సూత్రములో నుండును. వెదకినచో దొరకును. ఒకమారు వెదకినప్పుడు దొరకకున్నను, వెదకిన దారి తెలియును.

పెద్దలకు నాదొక మనవి. అద్భుత కథలు కూడు పెట్టవు, నిజమే. కాని కూడు సంపాదించుకొనుటకు ఇల్లు కదలవలసిన నాడు, ఎరుగని ఊరికి, ఎరుగని పనికి పోవలసిన నాడు, ఆ పిల్లకు మొదటి అడుగు ఎట్లు వేయవలెనో ఎవరైన చెప్పియుండవలెను. ఆ పనిని ఈ కథలు ముందుగానే చేసిపెట్టును. కావున ఇంటిలో ఒక పిల్ల అద్భుత నవల చదువుచున్నచో పుస్తకమును లాగికొనకుడు. కథ ముగియువరకు ఆగి, దగ్గరకు పిలిచి, "అమ్మా, రేపు క్రొత్తగా ఏమి చేసి చూతువు?" అని అడుగుడు.