ఎవరదీ?

మారతహళ్ళిలో మా ఫ్లాటుకి కాలింగ్ బెల్ ఉంది. తలుపుకి చూసుకునే కన్నమూ ఉంది. అయినా మా అమ్మ "ఎవరదీ?" అని అడిగి, జవాబు వింటేగాని గడియ తీయదు. రోజూ పాలు తెచ్చే కుర్రాడికైనా అంతే. ఆవిడ చాదస్తానికి మేమంతా నవ్వుకునేవాళ్ళం. నా నవ్వు ఎలా ఆగిందో చెబుతాను.

తెనాలిలో నాన్నగారు పెట్టిన ఎరువుల కొట్టు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. లెక్కలు మాత్రం నావి. ఏటా మార్చి నెలాఖరుకి రైలెక్కి వెళ్ళి, ఖాతాలు ముగించి వచ్చేదాన్ని. 2020లో మార్చి 25 నుంచి లాక్‌డౌన్. రైళ్ళు లేవు. "అక్కా, కొట్లో కంప్యూటర్ నీకు అక్కడికే కనబడితే చాలుగా!" అన్నాడు తమ్ముడు.

విండోస్‌లో అందుకు రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. కంప్యూటర్‌కి 65,535 వరకు నంబర్లు వేసిన ద్వారాలుంటాయి. వాటిని పోర్టులంటారు. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారం 3389. కాపలా కాసేది ఫైర్‌వాల్. నేను ఫోన్లో చెబుతుంటే తమ్ముడు ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిచి, రూటర్‌లో దానికి దారి పెట్టాడు. సాయంత్రానికల్లా మా భోజనాల బల్ల మీద తెనాలి కొట్టు ప్రత్యక్షం!

వారం తర్వాత యథాలాపంగా ఆ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ చూశాను. 4625 నంబరుతో పేజీలకొద్దీ నమోదులు. లోపలికి రాబోయి విఫలమైన ప్రతిసారీ పడే గుర్తు అది. ఎక్కడెక్కడి చిరునామాల నుంచో ఎవరెవరో తలుపు తడుతున్నారు. మరి మా పాస్‌వర్డ్? కొట్టు పేరు, పెట్టిన సంవత్సరం. రెండూ సైన్‌బోర్డు మీద ఉన్నవే! నా కాళ్ళు చల్లబడ్డాయి. రైతుల అరువు ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరైనా చొరబడి వాటికి తాళం వేసి డబ్బడిగితే?

ముందు రూటర్‌లో ఆ దారి మూయించాను. పోర్టు నంబరు మారిస్తే సరిపోదా అన్నాడు తమ్ముడు. వరసగా అన్ని నంబర్లూ తట్టి చూసే ప్రోగ్రాములున్నాయి, లాభం లేదన్నాను. గట్టి పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టినా చాలదు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపం, పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలిచ్చింది.

అందుకని రూటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకున్నాం. దానికీ ఒక పోర్టు కావాలి. కాని సరైన తాళంచెవి లేనివాడు తడితే అది అసలు పలకదు. 3389ని ఆ వీపీఎన్ చిరునామాలకు మాత్రమే అనుమతించేలా ఫైర్‌వాల్‌లో సరిదిద్దాం. పాస్‌వర్డ్ మార్చాం. తమ్ముడు రోజూ ఖాతాల నకలు విడి డిస్కులోకి తీసి, డిస్కు ఊడదీసి బీరువాలో పెడుతున్నాడు.

మీలో ఎవరైనా ఊళ్ళో ఉన్న కంప్యూటర్‌కి ఇలా దారి పెట్టుకుని ఉంటే, ఈ ఆదివారం ఒక్కసారి చూసుకోండి. మనకోసం తీసిన తలుపు వీధి మొత్తానికీ తీసినట్టే.

ఇప్పుడు బజారు నుంచి వచ్చి బెల్ కొడితే, లోపలి నుంచి "ఎవరదీ?" అని వినిపిస్తుంది. విసుక్కోకుండా "నేనేనమ్మా" అంటాను.