తాడు రెండో కొస

కొల్లేటి ఒడ్డున పుట్టినవాడికి కొండలను గురించి మాట్లాడే అధికారం లేదని మా ఆవిడ అభిప్రాయం. ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అక్కడ మాత్రం కొండలున్నాయా అంటే, లేవు. మార్కెట్టులో ఉల్లిపాయ బస్తాలు గుట్టలుగా పేరుస్తారు గనుక ఆ మాత్రం ఎత్తు చిన్నప్పటినుంచీ చూశానని ఆవిడ ధీమా. మాది ఏలూరికి దిగువన ఒక లంక గ్రామం. వానాకాలంలో మాకు చేనిగట్టే హిమాలయం. అటువంటి మేమిద్దరమూ మొన్న దసరా సెలవుల్లో తొమ్మిదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని ఇల్లెందు వెళ్ళాము.

“అరకు కాదు, ఊటీ కాదు, ఇల్లెందేమిటండీ!” అని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అడిగింది. “అక్కడ గుట్టలున్నాయి, అడవి ఉంది, దగ్గర్లో కిన్నెరసాని ఉంది, పడవ ఎక్కవచ్చు” అన్నాను. అవన్నీ నిజమే. అసలు నిజం మాత్రం వేరు. అరవై ఏళ్ళుగా నేను వెళ్ళవలసి ఉండీ వెళ్ళని ఊరు అది.

1964లో కొల్లేటికి వరద వచ్చింది. అప్పటికి నాకు పదేళ్ళు. కొల్లేటి సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. కృష్ణకూ గోదావరికీ మధ్య పల్లంలో ఉన్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, కాలువలు అందులోకి వచ్చి పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే వాకిళ్ళు పది, పోయే వాకిలి ఒకటి. ఇక లంకల్లో ఉన్నవాళ్ళ గతి ఊహించుకోండి.

ఆ ఏడు మా చేను మునిగింది. మా నాన్న, చిన్నాన్న గూడ వేసి నీళ్ళు తోడారు. ఇప్పటి పిల్లలు గూడ ఎరగరు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, చెరో వైపు తాళ్ళు పట్టుకుని, మధ్యలో గూడను ముంచి ఎత్తి గట్టు అవతల పోస్తారు. ఒకడు లేకపోతే రెండోవాడు ఏమీ చెయ్యలేడు. మూడు రోజులు తోడారు. మూడో రోజు సాయంత్రం గట్టు తెగింది. తోడిన నీళ్ళన్నీ నిమిషంలో తిరిగి వచ్చాయి. చిన్నాన్న తాడు కింద పడేసి, తల తుడుచుకుని, ఒక్క మాటయినా లేకుండా నడిచి వెళ్ళిపోయాడు. పది రోజులకు సింగరేణి బొగ్గుగనుల్లో చేరాడని కబురు వచ్చింది.

“వాడు తాడు వదిలేసి పోయాడు” అని మా నాన్న అన్నాడు. ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది.

కాని ఆరు నెలలు తిరక్కుండానే మనియార్డరు వచ్చింది. ఆ తర్వాత నెలనెలా వస్తూనే ఉంది. నా హైస్కూలు, ఏలూరులో కాలేజీ చదువు, పరీక్ష ఫీజులు అన్నీ ఆ బొగ్గు డబ్బే. ఇది నాకు ఎవరో చివర్లో చెప్పిన రహస్యం కాదు. మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఏం చేశానో వినండి. 1980లో నా పెళ్ళికి ఆయన వచ్చాడు. చొక్కా కొత్తదే గాని, చేతులమీద నీలంగా చిన్న చిన్న చారలున్నాయి. గాయంలో బొగ్గుపొడి చేరి మానితే ఆ నీలం ఇక పోదు. పెళ్ళివారు “ఈయన ఎవరు?” అని అడిగారు. “మా చిన్నాన్నగారు. సింగరేణిలో ఆఫీసరు” అన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, చేతులు కండువా కింద పెట్టుకున్నాడు. పైగా దగ్గుతున్నాడని బంతిలో చివరి విస్తరి దగ్గర కూర్చోబెట్టాము.

2009లో ఆయన పోయాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పి నేను వెళ్ళలేదు. ఆ మోకాళ్ళతోనే ఆ నెలలో తిరుపతి కొండ ఎక్కాను.

ఏలూరు నుంచి చింతలపూడి మీదుగా కారులో బయలుదేరాము. ఈ చింతలపూడి కిందా బొగ్గు పొరలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇల్లెందు బొగ్గూ ఇదీ ఒకే గోదావరి లోయ సొత్తు. రాష్ట్రం 2014లో రెండయిందిగాని, భూమి కింద పొరకు ఆ కబురు అందలేదు. సత్తుపల్లి దాటి, కొత్తగూడెం దాటేసరికి రోడ్డు ఎక్కుతూ దిగుతూ అడవిలో పడింది. మనవడు కిటికీలోంచి “తాతయ్యా, కొండ!” అని కేకలు. దగ్గరకు వెళ్ళి చూస్తే కొన్ని దేవుడు పెట్టిన గుట్టలు, కొన్ని మనుషులు పోసినవి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పైన ఉన్న మట్టీ రాయీ తవ్వి పక్కన పోస్తారు. ఏళ్ళు గడిచేసరికి అది గుట్ట అవుతుంది. దానిమీద చెట్లు కూడా లేచాయి.

ఇల్లెందును పాతవాళ్ళు బొగ్గుట్ట అంటారు. భద్రాద్రి రాముడి దర్శనానికి పోతున్న యాత్రికులు ఇక్కడ మజిలీ చేసి, మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టి వంట మొదలుపెడితే, కట్టెలతోపాటు రాళ్ళూ మండాయని చెప్పుకుంటారు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని నిర్ధారించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. సింగరేణి అన్నది దగ్గర్లో ఒక గ్రామం. బొగ్గు దొరికింది ఇల్లెందులో, పేరు దక్కింది సింగరేణికి. లోకంలో ఇటువంటివి చాలా జరుగుతాయి. చదివించింది ఒకరు, పేరు మరొకరిది. మా ఇంట్లోనూ అంతే.

చిన్నమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. ఆవిడదీ కొల్లేటి లంకే. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. మా ఆవిడ వంగి కాళ్ళకు దండం పెట్టబోతే, “రామ్మా, రా. ఆఫీసరుగారి పెళ్ళాన్ని నేనే” అంది.

మా ఆవిడకు అర్థం కాలేదు. నాకు అయింది. నలభై అయిదేళ్ళు ఆ మాట అక్కడ భద్రంగా ఉంది! నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. చిన్నమ్మ నవ్వి, “ఏరా అబ్బాయ్, లోపలికి రా. పులస అయితే పెట్టలేనుగాని కొరమీను వండించాను” అంది.

సాయంత్రం తమ్ముడు మమ్మల్ని మూసేసిన ఒక ఇంక్లైను దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు. తనూ గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఏటవాలుగా భూమిలోకి దిగే దారి అది. నోటికి గోడ కట్టేశారు. చుట్టూ తుమ్మచెట్లు. “నాయిన ముందుగాల బొగ్గు నింపిండన్నా, తట్టతోని. తర్వాత పంపు ఖలాసీ చేసిండ్రు” అన్నాడు.

“పంపు ఖలాసీ అంటే?”

“బాయిల ఎప్పుడూ నీళ్ళు ఊరుతనే ఉంటయి. పైకి తీసే బొగ్గుకన్న తోడే నీళ్ళే ఎక్కువ మా బాయిల. పంపు ఒక్క షిఫ్టు ఆగిందనుకో, పని జాగా మునుగుతది. నాయిన నైట్‌షిఫ్టుల ఒక్కడే కూసుండేటోడు, చీకట్ల, పంపు కాడ. 2003ల గోదావరిఖనిల బాయిలకు నీళ్ళొచ్చి పదిహేడుమంది పోయిండ్రు గద. ఆ దినం నాయిన అన్నం ముట్టలె.”

నేను ఆ గోడను చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు తోడలేక పారిపోయాడని మేమంతా చెప్పుకున్న మనిషి, ముప్పైయేళ్ళు భూమి కింద నీళ్ళే తోడాడు!

మర్నాడు కిన్నెరసాని వెళ్ళాము. విశ్వనాథవారి ‘కిన్నెరసాని పాటలు’ చదివినవారికి ఈ వాగును నేను పరిచయం చెయ్యనక్కరలేదు. పాల్వంచ దగ్గర దీనికి ఆనకట్ట కట్టి, ఆ నీటితోనూ సింగరేణి బొగ్గుతోనూ కొత్తగూడెం థర్మల్ స్టేషన్ నడిపారు. 1966లో మొదలైన పాత యూనిట్లు ఇప్పుడు మూతపడ్డాయి. కాని మా లంకలో మొదటి దీపం వెలిగిన రోజుల్లో ఆ తీగలోకి ఈ బొగ్గు వెలుగూ కొంత వచ్చే ఉంటుంది. ఆ దీపం కింద కూర్చునే నేను లెక్కలు చేశాను.

వానలు బాగా పడి జలాశయం నిండుగా ఉంది. మూడు వైపులా పచ్చని గుట్టలు. జింకల పార్కు చూసి మనవడు ఎగిరి గంతులు వేశాడు. పడవ దగ్గర చిన్నమ్మను ఒడ్డున కూర్చోబెట్టబోతే, “పడవ ఎక్కి ఎన్నేళ్ళయిందిరా! నేను వస్తా” అంది. తమ్ముడు వద్దన్నా వినలేదు. ఎక్కడంలో మాత్రం మాకందరికంటె ఆవిడే నయం. పడవ కదలగానే చెయ్యి నీళ్ళలో పెట్టింది.

నడిమికి వెళ్ళాక అన్నాను. “చిన్నమ్మా, నా పెళ్ళిలో నేను ఆ మాట అనకుండా ఉండవలసింది. పోయినప్పుడైనా రావలసింది.”

“అవును, రావలసింది” అంది చిన్నమ్మ. ఫరవాలేదని అనలేదు. కాసేపటికి మళ్ళీ తనే, “ఆఫీసరు మాటకి ఆయన నవ్వుకునేవాడు. కంపెనీ ఇవ్వని ప్రమోషను అబ్బాయి ఇచ్చాడనేవాడు. తాడు వదిలేశాడన్న మాటే లోపల ఉండేది” అని, కొంగున ముడివేసిన కాగితం విప్పి నాకిచ్చింది.

మనియార్డరు ముట్టినట్టు తిరిగి వచ్చే రసీదు అది. రంగు పోయింది. కింద మా నాన్న సంతకం. ఆ సంతకం పక్కన, సందులో ఇరికించినట్టు, పెన్సిలుతో నాలుగు మాటలు: “ఈ ఏడు గట్టు నిలిచింది.”

మా నాన్న తమ్ముడికి ఉత్తరం రాయగా నేను ఎన్నడూ చూడలేదు. బతికి ఉన్నంతకాలం “తాడు వదిలేశాడు” అన్న మాటా మానలేదు. మరి ఈ మాట ఎప్పుడు రాశాడో, ఎలా రాశాడో! చిన్నాన్న మిగతా రసీదులన్నీ ట్రంకుపెట్టెలో పడేసి, దీన్ని మాత్రం దేవుడి పటం వెనక పెట్టుకున్నాడట.

“గట్టు మీ నాన్న ఒక్కడే నిలబెట్టాడనుకున్నావా?” అని చిన్నమ్మ కాగితం తీసుకుని మళ్ళీ ముడివేసుకుంది.

మనవడు మా మాటలు సగం విన్నాడు. “తాతయ్యా, మీ చిన్నాన్న ఏం ఉద్యోగం చేసేవారు?” అని అడిగాడు. పడవ నడిపేవాడు కూడా మా వంక తిరిగి చూశాడు.

“పంపు ఖలాసీ” అన్నాను, అందరికీ వినబడేటట్టు. “గనిలో నీళ్ళు తోడేవారు. నన్ను చదివించింది ఆయనే.”

చిన్నమ్మ నా వైపు చూడలేదు. చెయ్యి నీళ్ళలోనే ఉంచి, ఎదురుగా ఉన్న గుట్టలు చూస్తూ, “మళ్ళీ సంక్రాంతికి రండి. ఈసారి నాలుగు రోజులుండేటట్టు రండి” అంది.