పిడికిలి బలం, గుంత కొలత

పిడికిలి బలాన్ని కొలిచే డైనమోమీటరు చేతిసంచిలో పట్టేంత పరికరం. ఎక్కువగా వాడే జామర్ నమూనాను బెక్టాల్ అనే వైద్యుడు 1954లో వివరించాడు. లోపల నూనె, పైన ముల్లు, చేతి పొడవును బట్టి ఐదు చోట్ల అమర్చుకోగల పిడి. రోగిని కూర్చోబెట్టి, మోచెయ్యి మడిపించి, మూడుసార్లు గట్టిగా నొక్కించి సగటు తీస్తారు. 2019లో ఆసియా నిపుణుల బృందం పెట్టిన హద్దు ప్రకారం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల లోపు వస్తే కండ బలం తగ్గినట్టే. భారత్‌తో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణించే ప్రమాదం 16 శాతం చొప్పున ఎక్కువగా కనిపించిందని అది తేల్చింది.

అనంతపురం నుంచి కదిరి దారిలో సుమారు పాతిక కిలోమీటర్లు పోతే బత్తలపల్లి. 2022 ఏప్రిల్ నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా. దారి పొడవునా ఎర్రనేల, వేరుశనగ చేలు; ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఈ ఊళ్లోనే ఉంది. జనం నోట అది ఆర్‌డీటీ ఆసుపత్రి. ట్రస్టుకు స్పెయిన్‌లోని దాతలు చాలాకాలంగా అండగా ఉన్నారు. అందువల్ల బలం కొలిచే ఇలాంటి వాడిన పరికరాల దానం గురించి ఆలోచించడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం.

బలం కొలవాల్సిన అవసరం ఎవరికన్నది ముందు ప్రశ్న. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, చిన్నప్పుడు పోలియో సోకినవారు, ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారు ఈ ప్రాంతంలో ఉన్నారు. పక్కనే ధర్మవరం, అక్కడి గుంత మగ్గం మీద నేతగాడి కాళ్లు తొక్కుడు కర్రల మీద, చేతులు పన్నె మీద, నాడె తాడు మీద రోజంతా ఆడుతూనే ఉంటాయి. ఇలాంటి మనిషికి చెయ్యి పడిపోతే, వ్యాయామంతో పోయిన నెల కన్నా ఈ నెల నాలుగు కిలోలు పెరిగిందా అన్నది ముల్లు చూపిస్తేనే తెలుస్తుంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌కు మాత్రం ఈ పరికరం అక్కర్లేదు. వైద్యుడు చేత్తో పట్టి చూసి కండరానికి 0 నుంచి 5 దాకా వేసే అంకె ఆ లెక్కలోకి వెళ్తుంది. వైకల్యం 40 శాతానికి చేరితే పథకాలకు అర్హత వస్తుంది.

పని సామర్థ్యం కొలిచేది సైకిల్ ఎర్గోమీటరు. స్వీడన్‌లో 1950లలో రూపుదిద్దుకున్న మోనార్క్ రకంలో చక్రానికి పట్టీ చుట్టి, బరువుతో బిగిస్తారు. ఒక్కసారి పెడల్ తిప్పితే చక్రం అంచు 6 మీటర్లు తిరుగుతుంది. కిలో బరువు పెట్టి నిమిషానికి 50 సార్లు తొక్కితే నిమిషానికి 300 కిలోగ్రాం-మీటర్ల పని, అంటే దాదాపు 49 వాట్లు. సరిగా చూపుతోందో లేదో తెలుసుకోవడానికి తెలిసిన బరువు వేలాడదీస్తే చాలు. డైనమోమీటరుకూ ఇదే పరీక్ష. ఇరవై ఏళ్లు వాడినదైనా ఇలాంటి పరికరాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.

1960ల చివర్లో సైబెక్స్‌తో మొదలైన ఐసోకైనటిక్ యంత్రాల సంగతి వేరు. కీలు కదిలే వేగాన్ని మారకుండా నిలిపి, కండరం తిప్పే బలాన్ని కంప్యూటరు గీతగా చూపుతాయి. కొలత చక్కగా ఉంటుంది, నిజమే. కానీ యంత్రంతో వచ్చిన పాత కంప్యూటరు పాడైతే మిగిలేది ఖరీదైన కుర్చీ. కరెంటు విషయంలో స్పెయిన్ నుంచి వచ్చేవాటికి ఒక సౌకర్యం ఉంది: అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికావాటికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 60 హెర్ట్జ్‌కు కట్టిన మోటారైతే అదీ సరిపోకపోవచ్చు. యూరప్ ప్లగ్గు మన సాకెట్‌లో దూరినా ఎర్త్ కలవదు. రోగి తాకే యంత్రానికి ఎర్త్ లేకపోవడం చిన్న లోపం కాదు. ప్లగ్గు మార్చాకే స్విచ్ వేయాలి.

కాగితాలూ ఉన్నాయి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టంలో విరాళమంటే డబ్బే కాదు, వస్తువు కూడా. 2020 సవరణ తర్వాత అలా అందినదాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. వాడిన క్రిటికల్ కేర్ వైద్య పరికరాలు 2016 వ్యర్థాల నిబంధనల్లో దిగుమతి నిషేధ జాబితాలో ఉన్నాయి కాబట్టి ఓడ ఎక్కించే ముందే పరికరం ఏ తరగతిదో తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనూ 2011లోనూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారం: పుచ్చుకునేవారు అడిగిందే ఇవ్వాలి, విడిభాగాలూ వాడకం పుస్తకమూ జతచేయాలి, తమ ఆసుపత్రిలో పనికిరానిది ఇతరులకు పంపకూడదు. మూడోదాన్ని పాటించడమే దాతలకు కష్టం.

పరికరమేదీ లేకుండా పనిని కొలిచిన తీరు కూడా ఈ చుట్టుపక్కలే కనిపిస్తుంది. బత్తలపల్లికి ఉత్తరాన నార్పల మండలం బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఇక్కడే. సీమ జనం దాన్ని కరువు పని అంటారు. అందులో మనిషి బలాన్ని ఎవరూ కొలవలేదు, తవ్విన గుంతను టేపుతో కొలిచారు. ఏ నేలలో ఎంత తవ్వితే ఒక రోజు పని అన్నది తేల్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో పనివేళల అధ్యయనాలు జరిగాయి. ఎండాకాలంలో తక్కువ పనికి అదే కూలి దక్కేలా వేసవి భత్యం ఇచ్చారు.

రెండు కొలతలనూ పక్కపక్కన పెడితే ఒక తేడా బయటపడుతుంది. క్యూబిక్ మీటరు మట్టి సుమారు 1,600 కిలోలు. దాన్ని మీటరు ఎత్తు లేపడం 1,600 కిలోగ్రాం-మీటర్ల పని, ఆ సైకిల్ మీద అదే వేగంతో అయిదు నిమిషాల పైచిలుకు లెక్క. గరుసు నేలలో అదే క్యూబిక్ మీటరుకు గంటలు పడుతుంది. గడ్డపారతో నేలను పగలగొట్టడం, వంగి లేవడం, గంపతో పాటు సొంత ఒంటిని గట్టు మీదికి మోయడం, ఇవేవీ ఎర్గోమీటరు చక్రం మీద పడవు.