షికాగోలో నల్ల బీరు, నెల్లూరులో అవ్వ

థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ఏడింటికి షికాగోలో ఓ లిక్కర్ షాపు ముందు లైన్లో నిలబడ్డాను. చేతులు జేబుల్లోంచి తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బ్లాక్ ఫ్రైడే అంటే మనకి టీవీలు, ల్యాప్‌టాప్‌ల డిస్కౌంట్లు కదా! ఈ లైన్లో ఉన్నవాళ్లంతా మాత్రం ఒక బీరు కోసం వచ్చారు. దాని మీద డిస్కౌంట్ కూడా లేదు.

దాని పేరు బర్బన్ కౌంటీ స్టౌట్. షికాగోలోని గూస్ ఐలాండ్ బ్రూవరీ ఏటా బ్లాక్ ఫ్రైడేకి కొత్తది విడుదల చేస్తుంది. నన్ను అక్కడికి లాక్కెళ్లింది మా టీమ్‌లో సీనియర్ ఒకాయన. మనిషికి ఇన్ని బాటిళ్లే అని ఆ షాపు లిమిట్ పెట్టింది. నా కోటా కూడా ఆయనకే కావాలట! నేను అప్పటిదాకా మందు ముట్టలేదు కాబట్టి నాకేం ఇబ్బంది అనిపించలేదు.

ఒక్కసారికే రిటైరయ్యే పీపా

లైన్లో గంటన్నర నిలబడ్డాం. ఆ గంటన్నరలో ఆయన చెప్పిన పీపా కథ నన్ను పట్టేసింది.

బర్బన్ అంటే అమెరికా విస్కీ. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి గోడల్ని మంటతో కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే నిల్వ చేయాలి. ఇది అక్కడి చట్టం. ‘కొత్త’ అన్న మాటతోనే వస్తుంది తంటా. దాదాపు 200 లీటర్లు పట్టే పీపా ఒక్కసారి వాడితే చాలు, బర్బన్‌కి ఇక పనికిరాదు. అలాంటివి స్కాచ్ విస్కీ కోసం ఓడలెక్కి స్కాట్లాండ్ పోతాయి. కొన్ని బీరు చేసేవాళ్ల చేతికొస్తాయి.

1990ల్లో గూస్ ఐలాండ్ వాళ్లు తమ బ్రూపబ్‌లో వెయ్యో బ్యాచ్ చేస్తున్నారు. ఏదైనా స్పెషల్‌గా ఉండాలనుకున్నాడు బ్రూమాస్టర్ గ్రెగ్ హాల్. జిమ్ బీమ్ మనవడు బుకర్ నో ఓ విందులో పరిచయమయ్యాడు. అలా బర్బన్ పీపాలు దొరికాయి. వాటిలో చిక్కటి నల్ల బీరు నింపి నెలల తరబడి వదిలేశాడు.

పీపాలో జరిగేది సింపుల్ ఫిజిక్సే. ఎండాకాలం వేడికి బీరు వ్యాకోచించి చెక్కలోకి దూరుతుంది. చలికాలంలో సంకోచించి బయటికొస్తుంది. వస్తూ వస్తూ కాలిన చెక్కలోని వెనీలా, కొబ్బరి లాంటి వాసనలతో పాటు, చెక్క పీల్చుకున్న విస్కీ ఘాటునీ తెచ్చుకుంటుంది. ఇప్పుడు అమెరికాలో చాలా బ్రూవరీలు ఇదే పని చేస్తున్నాయి. గూస్ ఐలాండ్‌ని 2011లో బడ్వైజర్ తయారుచేసే పెద్ద కంపెనీ కొనేసింది. అయినా ఈ లైను మాత్రం తగ్గలేదని మా సీనియర్ నవ్వాడు.

టీ గ్లాసుడు

ఆ సాయంత్రం బ్లూలైన్ ట్రైన్ ఎక్కి లోగన్ స్క్వేర్‌లో దిగి ఆయన ఫ్లాట్‌కి వెళ్లాను. మొత్తం ఐదుగురం. బాటిల్ 500 ఎంఎల్. ఇది మరీ చల్లగా తాగకూడదని అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టారు.

గ్లాసులో పోస్తే ఇంజిన్ ఆయిల్‌లా ఉంది. లైట్‌కి అడ్డం పెట్టినా అవతల ఏమీ కనిపించలేదు. పైన గోధుమ రంగు నురగ లేచి, చూస్తుండగానే పోయింది. ముక్కు దగ్గర పెట్టాను. తాటిబెల్లం. ఆ తర్వాత ఫిల్టర్ కాఫీ డికాక్షన్, కిస్‌మిస్, కొద్దిగా కాలిన కట్టె. నాకు తెలిసిన వాసనలే అన్నీ! చూద్దాం అనిపించింది.

మామూలుగా లెక్కేసుకోందే ఏ పనీ చేయను. ఈ బీర్లో ఆల్కహాల్ దాదాపు 14 శాతం. మామూలు బీర్లో 5 దాకా ఉంటుంది. నా వాటా 100 ఎంఎల్‌లో 14 ఎంఎల్ ఆల్కహాల్. చిన్న మామూలు బీరు బాటిల్లో ఉండేదానికి కాస్త తక్కువంతే. చూడ్డానికి టీ గ్లాసుడే కదా అనుకుంటే పొరపాటు.

మొదటి గుక్క పాకంలా నాలుకకి అతుక్కుంది. తీపి, వెంటనే చేదు చాక్లెట్, చివర్లో గొంతులో వెచ్చగా మంట. నిజం చెప్పాలంటే బాగుంది. చాలా బాగుంది.

మింగాక, ఆవిరి ముక్కులోంచి వెనక్కి వచ్చింది. దాంట్లో చెక్క లేదు, చాక్లెట్ లేదు. మా తాత తువ్వాలు వాసన.

అవ్వ సంగతి

మాది నెల్లూరు జిల్లా. ఊళ్లో సారా ప్యాకెట్లు అమ్మే రోజుల్లో తాత కూలి డబ్బులన్నీ అక్కడే పోసేవాడట. 1992లో దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ గాలి జిల్లా అంతా వీచింది. సారా వేలంపాటల్ని ఆడవాళ్లు అడ్డుకున్నారు. మా ఊళ్లో చీపురు పట్టుకుని అంగడి ముందు కూర్చున్నవాళ్లలో మా అవ్వ ఒకతి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలించారు. నేను పుట్టేసరికి తాత సారా నుంచి చీప్ బ్రాందీకి మారాడు. నాకు ఆరేళ్లప్పుడు కాలేయం పాడై పోయాడు.

అమెరికా వచ్చేముందు అవ్వ నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని మాట తీసుకుంది. ఆ మాట లోగన్ స్క్వేర్‌లో తప్పాను.

శనివారం రాత్రి, అంటే ఇంటి దగ్గర ఆదివారం పొద్దున, వీడియో కాల్ చేసి చెప్పేశాను. పీపాలు, చట్టం, వెనీలా, అన్నీ చెప్పాను. అవ్వ అంతా విన్నది.

“ఎంత తాగినావు?”

“టీ గ్లాసుడు అవ్వా.”

“ఇంకొంచెం తాగాలనిపించిందా?”

అబద్ధం చెబుదామనుకున్నా. కానీ స్క్రీన్‌లో నన్నే చూస్తోంది.

“అనిపించింది.”

“అదే అబ్బయ్యా. మీ తాతక్కూడా మొదట్లో గ్లాసుడే.”

తిట్టలేదు. చలికి స్వెట్టర్ వేసుకోమని చెప్పి ఫోన్ అమ్మకి ఇచ్చేసింది.

మీరు నవంబర్లో షికాగో వస్తే ఆ లైను చూడండి, సరదాగా ఉంటుంది. 21 నిండిన ఐడీ కార్డు ఉండాలి. తాగేట్టయితే ఒక బాటిల్‌ని నలుగురైదుగురు పంచుకోండి, కారు కాకుండా ట్రైన్ ఎక్కండి. అసలు ముట్టనివాళ్లు ముట్టకపోయినా పోయేదేం లేదు. కథ వినడానికి డబ్బులు అక్కర్లేదు.

లైన్లో నిలబడినందుకు మా సీనియర్ నాకో బాటిల్ ఇచ్చాడు. ఈ బీరు ఏళ్ల తరబడి పాడవదట. అల్మారాలో కోట్ల వెనక పెట్టాను. ఎవరికైనా ఇచ్చేద్దామని అనుకుంటూనే ఉన్నాను. ఇంకా ఇవ్వలేదు.